గాయకుని బత్తెము

మా వీథి చివర కాపురమున్న సన్నాయి విద్వాంసుడొకరు ఏటేట ఉగాదినాడు గుడిలో పంచాంగశ్రవణము ముగియగనే ఇంటికి వచ్చి, వసారాలో చాపపై కూర్చుండి, బడిపిల్లలు వాడు రూళ్లపుస్తకమొకటి విప్పి, ఆ యేటి వివాహముహూర్తములన్నింటిని తిథివార నక్షత్రములతో సహా ఎక్కించుకొందురు. వైశాఖ జ్యేష్ఠములకు రెండేసి పుటలు, శ్రావణమునకొకటి, కార్తిక మార్గశిరములకొకటి, మాఘ ఫాల్గుణములకు మరల రెండేసి. ఆషాఢ భాద్రపద పుష్యములకు పుటలే లేవు, ఎఱ్ఱసిరాతో గీచిన అడ్డగీత మాత్రము కలదు. గురుమూఢమో శుక్రమూఢమో తగులు సంవత్సరమున ఆ గీత పొడుగగును. “పంచాంగం చూస్తే చాలు బాబుగారూ, ఈ యేడు ఎన్ని నెలలు రెండు పూటలా పొయ్యి వెలుగుద్దో తెలిసిపోద్ది” అని ఆయన ఒకనాడు నవ్వుచు పలికిన మాట నన్ను ఈ వ్యాసమునకు పురికొల్పినది.

ఈ నడుమ ‘ఇండిపెండెంటు మ్యుజీషియను’ అను మాట పత్రికలలో తఱచుగా కానవచ్చుచున్నది. ఏ సినిమాకును, ఏ కంపెనీకిని, ఏ కొలువునకును కట్టువడక, తన పాట తానే కట్టి, తానే పాడి, తానే లోకము మీదికి వదలి, దానిపైననే సంసారము నీదుకొని వచ్చు సంగీతకారుడని దాని యర్థము. మాట నిన్న మొన్నటిదైనను, తెలుగునాట ఈ బ్రదుకు బ్రదికినవారి జమాఖర్చులను కొంచెము తిరుగవేసి చూచినచో రెండు సంగతులు తేటపడును. పోషకుడు లేక బ్రదికిన గాయకుడెన్నడును లేడనుట యొకటి. ఒక్క పోషకునే నమ్ముకొన్నవాడు ఆ పోషకునితోడనే మునిగెననుట రెండవది. కొలువు వలదని వెలికి వచ్చి నిలద్రొక్కుకొన్నవారందఱును పది చోట్ల పది కుండలు పెట్టుకొని, అందొకటి పగిలిననాడు తక్కిన వాని నీరు త్రావినవారే.

పూర్వము సంగీతమునకు జీతము భూమి రూపమున నుండెను. దేవాలయమున మేళము వాయించు కుటుంబమునకొక మాన్యము, నాట్యమాడు కలావంతులకు వేఱొక మాన్యము, భాగవతులకు అగ్రహారము. కూచిపూడి భాగవతులకు గోలకొండ తానీషా అగ్రహారమిచ్చెనని ప్రతీతి. తంజావూరు నేలిన నాయకరాజులలో అచ్యుతప్ప నాయకుడు తెలుగు బ్రాహ్మణ కుటుంబములకిచ్చినట్లు చెప్పబడు మెలట్టూరులో నేటికిని భాగవతమేళ నాటకములను తెలుగుననే ఆడుచున్నారు. భూమి యున్నంతకాలము తిండికి లోటులేదు. కాని ఆ భూమియే పాటగానిని కదలనీయదు. ఏ యుత్సవమున ఏ సేవ యెవరు చేయవలెనో కట్టడి యుండును. నేడు నాకు మనస్సు లేదు, వాయింపననుటకు వీలులేదు.

తెలంగాణమున ఆశ్రితకులముల వారికి భూమికి మాఱుగా ఊళ్లే మాన్యములు. ఒగ్గుకథ చెప్పువారికి గొల్ల కురుమలు, చిందు భాగవతులకు మాదిగలు దాతలు. ఏ కుటుంబమునకు ఏ గ్రామములపై హక్కు కలదో దానిని మిరాశి యందురు. అన్నదమ్ములు వేఱుపడునప్పుడు ఇండ్లు వాకిండ్లతోపాటు మిరాశి గ్రామములను గూడ పంచుకొనెడివారు. ఒకరి మిరాశిలో మఱియొకరు ఆటకట్టినచో తగవు కులపెద్దల యెదుటికి పోయెడిది. ఈనాడు సరకు లమ్ము కంపెనీలు పటముపై గీతలు గీచి ‘ఈ జిల్లా నీది, ఆ జిల్లా వానిది’ అని పంచుకొనుచున్న పద్ధతిని ఆ పల్లెపట్టు కళాకారులు ఎన్నడో ఎఱుగుదురు. ఈ కట్టుబాటులో ఇమడక తిరిగినవారును లేకపోలేదు. పదునేడవ శతాబ్దిలో క్షేత్రయ్య మధుర, తంజావూరు, గోలకొండ కొలువులన్నింటను పదములు పాడి మన్నన లందెను. కాని ఒక సింహాసనము నుండి వేఱొక సింహాసనమునకు నడచుటను సంపూర్ణ స్వాతంత్ర్యమనుటకు నాకు నోరాడదు.

ఆ మాటకు తగినవాడు త్యాగరాజు (1767–1847). ఆయన భక్తిని గూర్చి వ్రాసిన గ్రంథములు బండ్లకొలది యున్నవి; ఆయన ఇంటిపొయ్యి యెట్లు వెలిగెనో విచారించినవారు తక్కువ. తాతతండ్రుల నాటి ఇంటి భాగముతోడను, ఉంఛవృత్తితోడను ఆయన తిరువయ్యారులో సంసారము నడపెను. ఉంఛమనగా కోత ముగిసిన పొలములలో రాలిన గింజలను ఏఱుకొనుట. తలపాగ చుట్టి, తంబుర భుజమున మోపి, చేత చిడతలతో కీర్తనలు పాడుచు ఊరి వీథుల వెంట నడచునప్పుడు, పాట వినవచ్చిన యిల్లాలు గడపదాటి వచ్చి చెంబులో పిడికెడు బియ్యము పోయును. ఆగి యాచించుట లేదు, ఇంత కావలెననుట లేదు, ఆనాటికి సరిపడిన మీదట నడచుటయు లేదు. పైకి బిచ్చమువలె కనబడు ఈ పద్ధతిలోని లోతు ఆలోచించినకొలది అచ్చెరువు గొలుపును. రాజు వేయి వరహాలిచ్చినచో తనపై పాట కట్టుమని కోరును. పిడికెడు బియ్యమిచ్చిన యిల్లాలు అట్లు కోరజాలదు. వంద గడపల బియ్యము కలిసిన చెంబులో ఏ గింజ యెవరిదో చెప్పగలవారెవరు? తంజావూరు శరభోజి మహారాజు కొలువునకు పిలిపింపగా ఆయన పోలేదని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. పోకుండుటకు కావలసిన ధైర్యమును రామభక్తి యిచ్చినమాట నిజమే. ఆ ధైర్యమునకు మఱునాటి యన్నము సమకూర్చినది మాత్రము తిరువయ్యారు గృహిణులు.

ఇక శిష్యులు. వారు గురువునింట తిని, గురువునింట పనిచేసి, పాడినది పాడినట్లు వ్రాసికొనిరి. వాలాజాపేట వెంకటరమణ భాగవతులు వంటివారు ఆ కీర్తనలను తాళపత్రములకును కాగితములకును ఎక్కింపకున్నచో నేడు మనము పాడుకొనుచున్న వానిలో ఎన్ని మిగిలియుండునో! గాయకుడు తన పాటకు లెక్క తానుంచుకొనడు. ఉంచువాడు ప్రక్కన నొకడుండవలెను. ఈ సంగతి ముందుముందు మరల మరల ఎదురగును.

త్యాగరాజు సమాధి పాడుపడి యుండగా ఆ చోటు సంపాదించి, ఆలయము కట్టించి, 1925లో ప్రతిష్ఠ జరిపించినది బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952). జమీందారులును, సభల పెద్దలును చేయని పనిని ఆమె కచ్చేరీలపై ఆర్జించిన తన సొమ్ముతో చేసెను. అయినను అచ్చట ఆరాధనోత్సవములు జరుపు రెండు వర్గముల పురుషులును స్త్రీలను పాడనీయలేదు. ఆమె స్త్రీలను కూడగట్టుకొని మూడవ ఉత్సవము నడిపెను. ఈ మూడును 1940లో ఏకమయ్యెను. తన గుడిలో తాను పాడుటకు పదునైదేండ్లు పోరాడవలసి వచ్చిన ఆ విదుషి దేవదాసీ వంశమున పుట్టినది; తెలుగు జిల్లాలలో అట్టి వంశములవారైన కలావంతుల కథ మఱింత చేదైనది. పెండ్లిండ్లలో మేజువాణీలు, దేవాలయ సేవ, మాన్యముల పంట, సంగీతపాఠములు, వీనిపై బ్రదికిన ఆ స్త్రీలు తమ సంపాదనపై తమకు హక్కు గలిగి, ఇంటిపెత్తనము తామే చేసినవారు. సంస్కర్తలు మేజువాణీలను వెలివేయించిరి. 1929లో మద్రాసు శాసనసభ మాన్యములను సేవనుండి విడదీసెను. 1947లో దేవదాసీ సమర్పణమునే నిషేధించెను. ఆ సమర్పణము నిలిచిపోవలసినదే, సందేహము లేదు. కాని దానితోపాటు వారి సంగీతవృత్తియు కొట్టుకొనిపోవుచుండగా, వీరు రేపటినుండి ఏమి తినవలెనని అడిగినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది. వారి ఇండ్లలో నిలిచిన పదములును జావళీలును తరువాతి కాలమున ఇతరుల కచ్చేరీలకు ఆభరణములయ్యెను.

ఇప్పుడు నాకు మిక్కిలి ప్రియమైన విషయమునకు వచ్చుచున్నాను. తెలుగునాట స్వతంత్రవృత్తిగా తనకాళ్లపై తాను నిలిచిన సంగీతమేదని అడిగినచో హరికథ యని చెప్పుదును. నాటకసమాజమునకు తెరలు, కిరీటములు, ఇరువదిమంది నటులు, వారికి రెండు పూటల వంట కావలెను. హరిదాసునకు కావలసినది పందిరి యొకటి, దీపము లొకటి రెండు, మృదంగము, ఫిడేలో హార్మోనియమో. కవి, గాయకుడు, నర్తకుడు, నటుడు, విదూషకుడు అందఱును ఒక్క మనుష్యునిలోనే యిముడుదురు గనుక సంభావన చాల ముక్కలు కానక్కఱలేదు. బొబ్బిలి చెంతనున్న అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు ఈ వృత్తికి పితామహుడు. మద్రాసునుండి వచ్చిన కుప్పుస్వామి నాయుడను హరిదాసు కథను విజయనగరమున విని, అంతకంటె బాగుగ నేను చెప్పగలనని పంతముపట్టి, 1883లో ధ్రువచరిత్రముతో ఆరంభించెనని చెప్పుదురు. కాళ్లకు గజ్జెలు, మెడలో పూదండ, రెండు చేతులను రెండు తాళములు, పాదముల నింకొక లయ. ఆ ఠీవిని కన్నులార చూచినవారి వర్ణనలు చదువునప్పుడు, ఆలస్యముగా పుట్టితిమిగదా యని విచారము కలుగును.

దాసుల రాబడి నానావిధము. ముందుగా తాంబూలము, దారిబత్తెము, ఊరిలో పెద్దయింట బస. కథానంతరము సంభావన, శాలువ. జమీందారు మెచ్చినచో ఏటేట వచ్చి తీసికొనిపోవు వార్షికము. వ్రాసిన కథలను అచ్చొత్తించి అమ్మగా వచ్చు నాలుగు డబ్బులు. వీని యన్నింటికంటె ముఖ్యము హారతిపళ్లెము. నా చిన్ననాట శ్రీరామనవమి పందిళ్లలో ఈ పళ్లెము కదలుటను ఎన్నో మారులు చూచితిని. కల్యాణఘట్టము వచ్చినది, శివధనుస్సు ఫెళ్లుమనుటకు సిద్ధముగా నున్నది, రాముని హస్తము వింటిపై పడినది, అచ్చట దాసుగారు ఆగి, ఉత్తరీయము సవరించుకొని, పిట్టకథ యొకటి ఎత్తుకొందురు. సరిగా ఆ క్షణముననే కర్పూరము వెలిగించిన పళ్లెము వెనుకవరుస నుండి బయలుదేఱును. విల్లు విఱుగునో లేదో యను ఆతురతతో నున్న ఆడువారు కొంగుముడి విప్పి కానీలు, అణాలు వేయుదురు. పళ్లెము వేదికకు చేరునప్పటికి విల్లు విఱుగును. మా ఊరికి తఱచు వచ్చు దాసుగారొకరు పళ్లెములోని చప్పుడు విని ఎంత రాలినదో చెప్పగలరని మా పెద్దలు నవ్వుకొనెడివారు. రాగ మెంత అవసరమో ఈ గుఱి యంత అవసరము. దీనిని మాత్రము ఏ కళాశాలయు నేర్పలేదు.

కళాశాల యనగా విజయనగరమున 1919లో విజయరామ గజపతిరాజు నెలకొల్పిన సంగీత కళాశాల జ్ఞప్తికి వచ్చును. దానికి తొలి యధ్యక్షుడు నారాయణదాసే. విద్యార్థిగ చేరవలెనని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుని ఫిడేలు విని, నీవు నేర్చుకొనవలసినది లేదు, నేర్పుమని పాతికేండ్లవానిని ఆచార్యుని చేసిన ఘట్టము తెలుగు సంగీతలోకమున పురాణమైనది. ఒకవైపు జీతము, మఱొకవైపు దేశమంతట కచ్చేరీలు. ఈ రెండు కాళ్లపై ద్వారం నిలిచెను. 1936లో కళాశాలకు అధ్యక్షుడైన పిమ్మటను కచ్చేరీ మానలేదు. మద్రాసు సంగీత విద్వత్సభ 1941లో ఆయనకు సంగీత కళానిధి బిరుద మిచ్చినది.

ఆ కళాశాల అఱుగుల మీదనే మఱియొక దృశ్యము. కృష్ణాజిల్లా నుండి వచ్చిన తండ్రిలేని కుఱ్ఱవాడు భుజమున జోలె తగిలించుకొని, ఇల్లిల్లు తిరిగి మధుకరమెత్తి, ఆ యన్నము తెచ్చుకొని తిని, మధ్యాహ్నము సాధకము చేసికొనెడివాడు. తుమ్మెద పువ్వునకు నొప్పి తగులకుండ తేనె గ్రహించునట్లు ఒక్కొక్క యింట ఒక్కొక్క ముద్ద గ్రహించుట గనుక దానికి మధుకరమని పేరు. పట్రాయని సీతారామశాస్త్రి ఆ బాలుని చేరదీసి పైకము గైకొనక విద్య గఱపెను. ఆ కుఱ్ఱవాడు ఘంటసాల వెంకటేశ్వరరావు. త్యాగరాజు చెంబునకును ఘంటసాల జోలెకును నడుమ నూఱేండ్ల దూరమున్నను, పిడికెడు పెట్టిన యిల్లాలు మాఱలేదు. తెలుగు సంగీతమును పోషించిన రాజుల చిత్రపటములు భవనములలో వ్రేలాడుచున్నవి. ఈ యిల్లాండ్రకు చిత్రపటములు లేవు.

1948లో మద్రాసు రాష్ట్రమున జమీందారీల రద్దుచట్టము వచ్చెను. మఱుసటి యేట నిజాము రాష్ట్రమున జాగీర్లు రద్దయ్యెను. ఆ చట్టము రైతునకు మేలు చేసినది. వార్షికములపై బ్రదుకుచున్న విద్వాంసునకు మాత్రము ఆ యేడు దసరాకు జాబు రాలేదు. దివాణము తలుపు తట్టుటకు పోయినవారికి దివానే లేడు.

అయితే అప్పటికే గాలి మఱియొక దిక్కున వీచుచుండెను. 1902లో గ్రామఫోను కంపెనీవారు కలకత్తాలో తొలిసారి పాటలు పట్టిరి. కొద్దికాలమునకే ఆ యంత్రము దక్షిణాదికి దిగెను. ‘రికార్డిచ్చుట’ యను మాట తెలుగున పుట్టినది. మూడు నిమిషములలో పల్లవి, చరణము, రాగచ్ఛాయ అన్నియు ఇముడ్చవలెనుగాన గంటసేపు ఆలాపన చేయు విద్వాంసులు చిక్కుపడిరి. పద్యము పాడు నాటకనటులు మాత్రము వెలిగిపోయిరి. పద్యమునకు మూడు నిమిషములు పుట్టుకతో వచ్చిన కొలత. రికార్డు విన్న పల్లెవాడు ఆ కంఠమును ప్రత్యక్షముగ వినుటకు టిక్కెట్టు కొనెను. నాటకము చూచినవాడు రికార్డు కొనెను. ఈ రెంటి మధ్య కంట్రాక్టరు పుట్టెను. ఒక సమాజపు కృష్ణుని, మఱొక సమాజపు అర్జునుని, వేఱొక ఊరి హార్మోనిస్టును కూర్చి ఒక రాత్రికి ఆటకట్టించు కంట్రాక్టు నాటకములలో నటగాయకుడు తన రాత్రికి తానే వెల చెప్పుకొనగలిగెను. ‘వన్స్‌మోర్’ అని కేక పడినకొలది రేటు పెరుగును. చనిపోయిన పాత్ర లేచి మరల పద్యమెత్తుకొని మరల చచ్చిన సందర్భములు లేకపోలేదు. అలంకారికులు దీనిని రసభంగమందురు. గొంతు అమ్ముకొని బ్రదుకువానికి అది ఆ సాయంకాలపు జీతపు పెంపు.

రేడియోను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. మద్రాసు కేంద్రము 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమయ్యెను. పోయిన జమీందారు స్థానమున ప్రభుత్వము వచ్చి కూర్చున్నది. తేడా యేమనగా ఈ జమీందారు ముందు పరీక్షపెట్టి, తరగతి నిర్ణయించి, తరగతికి తగిన చెక్కు పంపును. మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటి మహావిద్వాంసుడును విజయవాడ కేంద్రమున ఉద్యోగము చేసినవాడే. అందఱి గతి అట్లు లేదు. 1940 మార్చి 1 నుండి రేడియోలో హార్మోనియమును నిషేధించిరి. అది విదేశీ వాద్యమనియు, గమకములు పలుకదనియు వాదము. శాస్త్రదృష్టితో అందు కొంత నిజము లేకపోలేదు. కాని తెనాలి, గుడివాడ ప్రాంతముల నాటకముల వెంట తిరిగి ప్రేక్షకులచేత జేజేలు కొట్టించుకొన్న హార్మోనిస్టులకు సుమారు మూడు దశాబ్దములు ఆ వాకిలి మూసికొనిపోయెను. ఒక్క గుమస్తా కాగితముతో ఒక వాద్యమునకంతటికిని అన్నము కట్టువడుట ఏ మహారాజు కాలమునను జరుగలేదు.

సినిమా వచ్చినపిమ్మట సొమ్ము అచ్చటికి చేరెను; హక్కులు మాత్రము గాయకునకు చేరలేదు. పాట పాడినందుకు ఆనాటి పైకము ముట్టినతోడనే పాటతో గాయకుని సంబంధము తెగును. చిత్రమునకై కట్టించిన సంగీతమునకు తొలి స్వామి నిర్మాతయేనని 1977లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. అంతటి ఘంటసాలయు ‘పరోపకారము’, ‘సొంతవూరు’ అను చిత్రములను తానే నిర్మించి చేతులు కాల్చుకొనెను. నష్టమును పూడ్చుకొనుటకు మరల పాటయే శరణమయ్యెను. చిత్రముతో ప్రసక్తి లేక ఆయన పాడిన భగవద్గీత ఆయన కన్నుమూసిన 1974లోనే వెలువడి, నేటికిని ఊరూర మ్రోగుచున్నది. చట్టము 2012లో కదలెను. కవియు, సంగీతకర్తయు తమ రాయల్టీ వాటాను ఎవరికిని వ్రాసియిచ్చివేయుటకు వీలులేదని, ఇచ్చినను చెల్లదని సవరించిరి. వారసులకో, హక్కుల సంఘమునకో మాత్రమే అది పోవలెను. గాయకునకును రాయల్టీలో పాలు కలదనిరి. 2013లో గాయకులు తమ హక్కుల సంఘమును పెట్టుకొనిరి. నాలుగేండ్లు గడిచినవో లేదో, అమెరికాలో కచ్చేరీలు చేయుచున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యమునకు తన పాటలను అనుమతి లేక పాడరాదని ఇళయరాజా పక్షమునుండి నోటీసు వచ్చెను. బాలు ఆ పాటలను ఆ యాత్రలో విడిచిపెట్టెను. ఇరువురు మిత్రుల నడుమ ఇదేమి పంచాయతీ యని జనులు నొచ్చుకొనిరి. నాకు మాత్రము మిరాశి తగవు స్ఫురించినది. ఎవరి ఊరిలో ఎవరు ఆడవలెనను ప్రశ్న తాటియాకులు దాటి వకీలు నోటీసునకు వచ్చినది, అంతియే.

సినిమా వెలుగునకు వెలుపల మఱియొక పాయ పాఱుచునే యుండెను. షేక్ నాజర్ బుర్రకథను ప్రజానాట్యమండలి వేదికలపై ఊరూర వినిపించి, 1986లో పద్మశ్రీ యందెను. క్యాసెట్టు వచ్చినతోడనే పాట ధర తగ్గి, పాటగానికి ఊరు పెరిగెను. గ్రామఫోనునకు కంపెనీ కావలెను, క్యాసెట్టునకు రెండు టేపురికార్డర్లు చాలును. తెలంగాణపు ఉద్యమగీతములు సంతలలో, బస్సుస్టాండులలో ఆ రీతిగనే ప్రాకెను. పాట వ్రాసినవానికి పైస ముట్టలేదు. పేరు మాత్రము ముట్టెను. తిరుపతిలో 1978లో ఆరంభమైన అన్నమాచార్య ప్రాజెక్టు వలన అన్నమయ్య క్యాసెట్లు ఇంటింట వెలిసెను. ఆయన పదములను రాగిరేకులపై చెక్కించి కొండపై అఱలో దాచిన తాళ్లపాక కుటుంబమువారి ముందుచూపు అయిదువందల యేండ్లకు ఫలించినది. పాటకు లెక్క యుంచువాడు ప్రక్కన నుండవలెనని పైని అంటినిగదా. తాళ్లపాకవారు ఆ లెక్కను రాగిపై వ్రాసిరి.

నేటి పాటగానికి రాగిరేకు యూట్యూబు. అచ్చట వేయిమంది చందాదారులును, నిడుపు వీడియోలకు పన్నెండు నెలలలో 4,000 గంటల వీక్షణమును కూడినగాని ప్రకటనల వాటా లెక్కకు రాదు. స్పాటిఫై 2024 నుండి ఏడాదిలో 1,000 సార్లైన వినబడని పాటకు పైకమే ఈయదు. పరీక్షాధికారి ముఖము లేని యంత్రమైనది. ‘ఎందుకు తప్పితిని’ అని అడుగుటకు గది లేదు. అయినను ఈ మార్గమున నిలిచినవారు కలరు. హైదరాబాదులో చౌరస్తా బృందమువారు తమ పాటలతోనే పేరు తెచ్చుకొనిరి. తెలంగాణపు జానపద గీతములు ఏ చిత్రమునకును చెందకయే కోట్ల చెవుల బడుచున్నవి. కాని వారి యింటి లెక్కను అడిగినచో పాత కుండలే కనబడును. పెండ్లి సంగీత్‌లలో పాడుట, కళాశాలల వార్షికోత్సవములు, వినాయక చవితి పందిళ్లు, తానా, ఆటా వంటి తెలుగు సంఘముల సభలకై అమెరికా ప్రయాణము, ఎప్పుడో యొక సినిమా పాట, తెల్లవాఱుజామున పాఠములు. ఈ పాఠములను గూర్చి యొకమాట: కాలిఫోర్నియాలో పిల్లలు బడినుండి వచ్చి పలహారము చేయునప్పటికి ఇచ్చట కోడి కూయును. నాకు తెలిసిన గాయనియొకతె నాలుగున్నరకే లేచి, మొగము కడిగికొని, ఫోనును బియ్యపుడబ్బా కానించి సరళీస్వరములు చెప్పును. ఇంటిలోని నలుగురి తిండి ఆ డబ్బా నుండియు వచ్చును, ఆ ఫోను నుండియు వచ్చును. 2020లో కోవిడ్ వలన కచ్చేరీలన్నియు ఆగిపోయిననాడు ఆమెను ఆదుకొన్నది ఇదియే.

ఒక్క వెలుగును మాత్రమే నమ్ముకొనుట యెంత ప్రమాదకరమో పన్నెండుమెట్ల కిన్నెర మ్రోగించు దర్శనం మొగిలయ్య జీవితము చూపినది. 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రపు పాటకు ఆయన గొంతు ఎత్తుగడ, 2022లో పద్మశ్రీ. 2024లో ఆయన హైదరాబాదు శివారులో కూలిపని చేయుచున్నాడని పత్రికలు చిత్రములతో వ్రాసెను. బిరుదు రాజుగారి శాలువ వంటిది. చలికాలమున పనికివచ్చును గాని దానిని వండుకొనుటకు వలనుపడదు. ఇంతకంటె గంగిరెద్దులవారు తెలివైనవారు. నొసట క్యూఆర్ కోడ్ కట్టిన గంగిరెద్దు వీడియోను 2021లో కేంద్ర ఆర్థికమంత్రి పంచుకొనగా దేశమంతయు చూచినది. చిల్లర లేదను సాకు ఆనాటితో తీఱెను. సంక్రాంతి ముంగిట పిడికెడు బియ్యము పోయు చేయి, ఫోను చూపు చేయి రెండును ఒక్క యిల్లాలివే.

మొన్న ఆషాఢమున సన్నాయి విద్వాంసుని యింటికి పోయితిని. ఎఱ్ఱగీత నెల గదా, ఏమి చేయుచుందురో చూడవలెనని కుతూహలము. గుడిలో రెండు పూటల సేవకు నెలకింతయని ఇచ్చుదురు, అది కందిపప్పునకు సరి యనిరి. మనుమడు ఆయన వాయించిన కల్యాణిని యూట్యూబులో పెట్టినాడు, గంటలింకను నిండలేదు. డల్లాసులోని యొక కుఱ్ఱవానికి శనివారము ఉదయమున పాఠము; వానికి ఊపిరి పట్టుట ఇంకను రాలేదు. ఈ మూడును రూళ్లపుస్తకపు చివరి పుటలో, ముహూర్తముల కెడముగా, వేఱే లెక్కగా వ్రాసియున్నవి. “మరి పని లేని రోజుల్లో?” అని అడిగితిని.

“పని లేకపోవడమేంటి బాబుగారూ, పీకలు కట్టుకోవద్దా?” అనిరి.

ప్రక్కన బిస్కట్టు డబ్బా. నానబెట్టి చదునుచేసి దారముతో బిగించిన గడ్డికాడ ముక్కలు, చిన్నవి పెద్దవి, నలభై వఱకు అందు ఆఱుచున్నవి. శ్రావణమున మొదటి ముహూర్తము రాత్రి మూడుగంటల నలభై నిమిషములకు. ఒక పీక తీసి, పెదవుల నడుమ నుంచుకొని, కన్నులు మూసి ఊదిరి. కీచుమన్నది. పెదవి విఱిచి, దానిని తడిగుడ్డలో చుట్టి ప్రక్కకు పెట్టి, రెండవది తీసిరి.